తోక బండి

"తాడు వదలకు! వదిలావంటే నేనూ పోతా!"

స్పిరిదోన్ గొంతు నీళ్ళలోంచి వచ్చింది. అఫనాసీ మంచు మీద బోర్లా పడుకుని ఉన్నాడు. తాడు రెండు మోచేతులకూ చుట్టుకున్నాడు. బూట్ల మునివేళ్ళు ఎంత గుచ్చినా గాజులాంటి ఆ మంచులో పట్టు దొరకడం లేదు. వెనక గవ్రీల్ అతని రెండు కాళ్ళూ వాటేసుకుని బరువంతా వేసి కూర్చున్నాడు.

"దొరికాడా?" అని అరిచాడు అఫనాసీ.

"చెయ్యి తగిలింది! ఇంకోసారి మునుగుతా!"

ఎదురుగా, చలికాలమంతా గడ్డకట్టి బండ్లకు రోడ్డయ్యే యానా నది నోరు తెరిచి ఉంది. ఇల్లంత గుంట. అందులో ట్యాంకరు బండి నారింజరంగు పైకప్పు, పొగగొట్టం మాత్రం కనిపిస్తున్నాయి. నీళ్ళ మీద డీజిలు రంగురంగులుగా తేలుతోంది. పొగగొట్టం పక్కనుంచి ఇంకా ఒక్కొక్క బుడగ వస్తోంది.

ట్యాంకరును కేశా తలుపు తెరిచే నడిపాడు. నది మీద ఎవడైనా అంతే. తలుపు తెరిచి తాడుతో కట్టేస్తారు, బెల్టు పెట్టుకోరు, మంచు చిట్లిన చప్పుడు వినపడగానే దూకేస్తారు. కానీ బండి అతని వైపుకే ఒరిగింది. మీటరు మందం ఉన్న మంచుపలక తిరగబడి వచ్చి ఆ తలుపును మళ్ళీ మూసేసింది. అవతలి తలుపు మీద నీళ్ళ బరువు.

స్పిరిదోన్ మూడోసారి మునిగి, పగిలిన అద్దంలోంచి కేశాను కోటు కాలరు పట్టుకుని లాగుతూ పైకి తేలాడు.

ఇద్దర్నీ లాగారు. స్పిరిదోన్‌ను గవ్రీల్ తన గొర్రెతోలు కోటులో చుట్టేశాడు. అఫనాసీ కేశా ఛాతీ మీద రెండు చేతులూ వేసి నొక్కడం మొదలుపెట్టాడు. ఏప్రిల్ నెల, మైనస్ పద్దెనిమిది, నెత్తి మీద ఎండ. కేశా తడిబట్టలు కళ్ళముందే చెక్కలా బిగుసుకుపోతున్నాయి. నొక్కినప్పుడల్లా బట్టల్లోని మంచు పటపటమంటోంది.

అలా నలభై నిమిషాలు.

"ఇక చాల్లే అఫనాసీ," అన్నాడు గవ్రీల్.

"నోర్ముయ్."

"వాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు."

"నోర్ముయ్యమన్నానా!"

ఇంకో పది నిమిషాలు నొక్కాడు. ఆ తర్వాత చేతులు తమంతట తామే ఆగిపోయాయి. కేశా వయసు ఇరవై ఆరు. నిన్న సాయంత్రం గడ్డకట్టిన చేపను పేళ్ళుగా చెక్కుతూ, "అన్నా, నీ పళ్ళు ఊడిపోయే వయసొచ్చింది, పలచగా కొయ్యమంటావా?" అని ఏడిపించాడు.

వాడు తీఖన్‌కు ఒక్కగానొక్క కొడుకు. నది మీద దారి చూసుకునే మనిషి తీఖన్. ముప్పై ఏళ్ళుగా రోజూ మంచుకు కన్నాలు వేసి, మందం కొలిచి, ఎన్ని టన్నుల బండి పోవచ్చో పలక మీద రాసేది ఆయనే. ఈ పొద్దున కూడా ఆయనే రాశాడు. ట్యాంకరు నిక్షేపంగా పోవచ్చని రాశాడు.

*

గట్టు మీద, చెట్ల మధ్యన, డ్రైవర్లు ఆగి టీ తాగే గుడిసె ఉంది. గవ్రీల్ అక్కడ ఉపగ్రహ ఫోనులో కంపెనీవాళ్ళతో మాట్లాడి వచ్చాడు. మూడు బండ్ల వరసకు పెద్ద అతను. ముందు బండి అతనిదే.

"రేపు మధ్యాహ్నం పోలీసాయన హెలికాప్టర్లో వస్తాడు," అన్నాడు. "ఈలోగా కాగితం తయారుగా ఉండాలట. మందం తప్పు కొలిచారని రాసి, మనం ముగ్గురం సంతకాలు పెట్టాలి. తీఖన్ కూడా పెట్టాలి."

"కొడుకు చచ్చి రెండు గంటలు కాలేదు," అన్నాడు అఫనాసీ.

"చూడు, మంచు విరిగింది. మంచు కొలిచింది ఎవరు? నువ్వా, నేనా?"

ఆ మాటతో అఫనాసీ ఒంట్లో ఉన్న దుఃఖమంతా కోపంగా మారింది. తనకు తీఖన్ అంటే గౌరవం. నది మీద మొదటిసారి స్టీరింగు పట్టినప్పుడు పక్క సీట్లో కూర్చుని నేర్పింది ఆయనే. కానీ చేతుల కింద ఇంకా కేశా పక్కటెముకల స్పర్శ పోలేదు. లేచి నది వైపు నడిచాడు.

తీఖన్ వచ్చి, కొడుకు మీద కప్పిన టార్పాలిను ఎత్తి ఒకసారి చూశాడట. ఏడవలేదట. స్లెడ్జిలోంచి తన పొడవాటి మంచు డ్రిల్లు తీసుకుని తిన్నగా నది మీదికి వెళ్ళాడట. అఫనాసీ వెళ్ళేసరికి గుంట చుట్టూ వరసగా కన్నాలు ఉన్నాయి. ముసలాయన వంగి ఇంకో కన్నం వేస్తున్నాడు. టోపీ లేదు. చెమట కనుబొమ్మల మీదే గడ్డకట్టింది.

"పొద్దున ఎంత కొలిచావు బాబాయ్?" అఫనాసీ గొంతు కరకుగా ఉంది.

తీఖన్ కొక్కెం ఉన్న కొలబద్దను కన్నంలోకి దింపి, అడుగున తగిలించి పైకి లాగి పట్టాడు. "నువ్వే చూడు."

నూట రెండు సెంటీమీటర్లు.

"దీన్లో?"

"తొంభై తొమ్మిది. అదుగో, దాన్లో నూట నాలుగు. ఈ విరిగిన అంచు దగ్గర తొంభై ఏడు. ఆ ట్యాంకరుకి ఎనభై చాలురా. ఎనభై చాలు!" తీఖన్ డ్రిల్లు మీద వాలాడు. "మరి ఏ మంచు మింగింది నా కొడుకుని? చెప్పు. పాతికేళ్ళు తిరిగావుగా దీని మీద."

అఫనాసీ వంగి ఆ విరిగిన అంచును చూశాడు.

"సంతకం పెడతాలే. గవ్రీల్ చెప్పాడు. జైలుకి పంపుకోనీ, ఈ వయసులో నాకక్కడైతే ఏంటి, ఇక్కడైతే ఏంటి! కానీ ఒక్కటి తెలియాలి. నా చేత్తో నేనే చంపుకున్నానా? వాడమ్మ అడుగుతుంది. ఇంటికెళ్ళగానే మొదట అదే అడుగుతుంది. ఏం చెప్పను?"

"నువ్వు కాదు బాబాయ్. ఎవడో కనుక్కుంటాను. పోలీసాయన దిగేలోపు నీకు చెప్తాను."

"మాటిస్తున్నావా?"

"ఇస్తున్నా."

ముసలాయన తల ఊపి, నాలుగడుగులు పక్కకు జరిగి మళ్ళీ డ్రిల్లు ఆనించాడు.

*

గుంట చుట్టూ అఫనాసీ రెండుసార్లు తిరిగాడు. బరువుకు కుంగి విరిగిన మంచు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ముక్కలు చిన్నవిగా ఉంటాయి, అన్నీ లోపలికే వాలి ఉంటాయి. ఇక్కడ అలా లేదు. పెద్దపెద్ద పలకలు బయటికి లేచి ఉన్నాయి. చుట్టూ పది పన్నెండు అడుగుల దాకా మంచు మీదికి నీళ్ళు చిమ్మి గడ్డకట్టాయి. కిందనుంచి ఏదో వీపుతో ఎత్తి కొట్టినట్టుంది.

అల.



బండి నడుస్తుంటే మంచు కాస్త వంగుతుంది, కింద నీళ్ళలో అల లేస్తుంది. మెల్లగా పోతే ఆ అల దాని మానాన అది సాగిపోతుంది. గంటకు పదిహేను కిలోమీటర్లు దాటొద్దని తీఖన్ తలబాదుకునేది అందుకే. అదే రెండు బండ్లు ఎదురై, ఒకటి వేగంగా వస్తే, రెండు అలలూ మధ్యలో కొట్టుకుంటాయి. అప్పుడు మీటరు మంచయినా ఒకటే, అప్పడమైనా ఒకటే.

నదికి కింది వైపు, దీవి మలుపులో, మత్ర్యోనా మంచుకు కన్నం వేసి చేపలకు వలలు వేసుకునే చోటుంది. అఫనాసీ అటు నడిచాడు. ముసలామె గుర్రపుతోలు పరుచుకుని కూర్చుని, కత్తి వెనకవైపుతో తన ఉన్ని బూట్లను కొడుతోంది. మోకాళ్ళ దాకా మంచు పట్టేసి ఉన్నాయి.

"కాళ్ళకేమైంది అత్తా?"

"స్నానం చేయించారు నాయనా, ఈ వయసులో. మీ డ్రైవర్ల పుణ్యమే." ఆమె నవ్వలేదు. "గవ్రీల్ వెళ్ళాడు, నా కన్నంలో నీళ్ళు కదల్లేదు. నువ్వెళ్ళావు, గ్లాసులో టీ ఊగినట్టు ఊగాయి. ఆ పిల్లాడు కేశా వచ్చాడు. ఎంత పద్ధతిగా వచ్చాడనుకున్నావ్! తలుపులోంచి నాకు చెయ్యి కూడా ఊపాడు. వాడు మలుపు తిరిగి అటు పోయాడో లేదో, కన్నంలోంచి నీళ్ళు కుండ పొంగినట్టు పొంగి మోకాళ్ళ మీద పడ్డాయి. వలలు కూడా పైకొచ్చాయి."

"ఎదురుగా ఎవరైనా వచ్చారా?"

"వచ్చాడు. ఖాళీ బండి. గిన్నెలు దొర్లినట్టు ఒకటే గడగడ. వాడు మలుపు దాటి నా ముందుకొచ్చాక బ్రేకేశాడు, బండి రెండు గిరికీలు కొట్టింది. మళ్ళీ వెనక్కి తిప్పుకుని పోయాడు. నా చూపు నీకు తెలుసుగా, మనిషెవరో ఆనలేదు."

"ఇంత జరిగితే ఎవరికీ చెప్పలేదేం?"

మత్ర్యోనా కత్తి ఆపి అతని మొహంలోకి చూసింది. ఆ చూపు ఎందుకో అతనికి నచ్చలేదు.

"గవ్రీల్ వచ్చాడు. 'నువ్వేం చూళ్ళేదుగా పిన్నీ' అన్నాడు. అడిగినట్టు లేదు, చెప్పినట్టుంది. సరే, చూళ్ళేదన్నాను. నువ్వు కూడా ఇంటికెళ్ళి పడుకో అఫనాసీ. కొన్ని కన్నాల్లో చెయ్యి పెట్టకూడదు."

అతను అప్పటికే వెనుదిరిగాడు. ఈ రోజు ఊరి వైపు దిగుడు నుంచి నదిలోకి వచ్చిన ఖాళీ బండి ఒక్కటే. స్పిరిదోన్‌ది. ఆ దిగుడు వీళ్ళు గట్టెక్కిన చోటికి రెండు కిలోమీటర్లు పైన ఉంది. దారిన పోతూ గుంట చూసి సాయానికి దిగాడనుకున్నాడు అఫనాసీ. మూడుసార్లు మునిగి శవాన్ని తీసినవాణ్ణి, నువ్వు అంతకుముందు ఎక్కడున్నావని ఎవరడుగుతారు?

*

గుడిసెలో పొయ్యి భగభగలాడుతోంది. స్పిరిదోన్ బెంచీ మీద రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాడు. గడ్డకట్టిన వేళ్ళకు గవ్రీల్ కట్లు కట్టాడు. గ్లాసు కూడా పట్టుకోలేడని టీ అతనే తాగిస్తున్నాడు. కాగితం బల్ల మీద ఉంది, కింద గవ్రీల్ సంతకం కూడా ఉంది.

అఫనాసీ తలుపు వేయకుండానే వచ్చి స్పిరిదోన్ చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. టీ గ్లాసు పగిలింది.

"ఎంత స్పీడులో వచ్చావురా?"

"అన్నా..."

"ఎంత?"

"యాభై ఐదు."

అఫనాసీ కొట్టాడు. స్పిరిదోన్ చెయ్యి అడ్డు పెట్టుకోలేదు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. ఇంకో దెబ్బకు ఎత్తిన చేతిని గవ్రీల్ వెనకనుంచి పట్టుకున్నాడు.

"వదిలెయ్. వాణ్ణి బయటికి తీసింది వీడే."

"లోపలికి తోసిందీ వీడే! నిండు బండి నది మీదుంటే ఖాళీ బండి గట్టు మీద ఆగాలి. అడగాలి. రేడియోలో అడగాలా వద్దా? అడిగావా?"

"అడిగా."

"ఏమని?"

"ఖాళీ బండి దిగుతోంది, నది మీద ఎవరున్నారు అని. రెండుసార్లడిగా."

"ఎవరూ పలక్కుండానే దిగావా?"

స్పిరిదోన్ గవ్రీల్ వైపు చూశాడు. గవ్రీల్ తల అడ్డంగా ఊపాడు, అదీ చాలా కొద్దిగా. అఫనాసీ చూడనే చూశాడు.

"ఓహో." అఫనాసీ చెయ్యి విడిపించుకున్నాడు. "ఇదా సంగతి! కేశా రేడియో మొన్నే పోయింది, లార్చ్ చెట్టు కొమ్మ తగిలి యాంటెన్నా విరిగింది. వాడు పలకలేడు. మూగ బండి ఉంటే దాని తరఫున ముందున్నవాళ్ళే పలకాలి. ఎవడో 'దిగు' అన్నాడు. అప్పటికి గట్టెక్కి ఉన్నది ఎవరు? ఆ ముసలిదాని నోరు నొక్కింది ఎవరు? కాగితం రాయడానికి అంత తొందరపడుతోంది ఎవరు? చెప్పు గవ్రీల్!"

గవ్రీల్ వంగి పొయ్యిలో ఇంకో కట్టె వేశాడు. మొహం ఒక్కరోజులో పదేళ్ళు ముసలిదైంది.

"సరే. నేనేననుకో," అన్నాడు.

"అనుకోవడమేంటి?"

"నేనే అన్నాననుకో. ఇంతటితో వదిలెయ్. ఆ ముసలాయన ఎలాగూ సంతకం పెడతానంటున్నాడు. ఆయన వయసుకి, ఆయన దుఃఖానికి జైల్లో ఎవరూ వెయ్యరు. నువ్వు ఇంటికెళ్ళు. నీకు దణ్ణం పెడతాను."

ఇరవై ఏళ్ళ స్నేహంలో గవ్రీల్ ఎవరికీ దణ్ణం పెట్టగా చూడలేదు అఫనాసీ. గదిలో కట్టెలు చిటపటలాడుతున్నాయి. కింద కూర్చున్న స్పిరిదోన్ మోచేత్తో పెదవి తుడుచుకున్నాడు.

"ఇంక నావల్ల కాదు గవ్రీల్ అన్నా," అన్నాడు మెల్లగా. తర్వాత తలెత్తాడు. "నువ్వే అన్నావు అఫనాసీ అన్నా. 'నది ఖాళీ, దిగు' అన్నావు."

"ఏంటి?"

"నీ గొంతే. ఇంకెవరి గొంతైనా అయితే మూడోసారి కూడా అడిగేవాణ్ణి. నువ్వు అన్నావు గనకే యాభై ఐదులో కొట్టా."

అఫనాసీ నవ్వబోయాడు. 

పదకొండేళ్ళు. ఈ వరసలో పదకొండేళ్ళుగా తోక బండి అతనిదే. మరమ్మతు సామానంతా అతని దగ్గర ఉంటుంది, వెనక ఎవడి బండి ఆగినా చూసుకోవాలి, అందుకని చివర ఉంటాడు. తోక బండి ముందు చక్రాలు గట్టును కరవగానే చెయ్యి దానంతటదే మైకు మీదికి పోతుంది. నది ఖాళీ. ముక్కు మీద దురద పుడితే గోక్కున్నట్టు. ఎన్ని వందలసార్లు అన్నాడో. అన్న గుర్తు ఒక్కసారీ ఉండదు.

ఈ పొద్దున దిగేముందు తీఖన్ వరస మార్చాడు. ఎండకు మంచు మెత్తబడే రోజులు, బరువైన బండి చివర పోవాలి, ట్యాంకరు వెనక ఉండనీ అన్నాడు. అఫనాసీ సరేనని ముందుకు జరిగాడు.

గట్టెక్కింది గుర్తుంది. చక్రం ఎగిరి సీటు కింద దబ్బుమన్నది గుర్తుంది. గుడిసె పొగ చూసి, వెన్న రాసిన రొట్టె మీదికి మనసు పోయింది, అదీ గుర్తుంది. దానికీ దీనికీ మధ్య ఏముందో ఎంత తవ్వినా తెల్లగానే ఉంది.

"అబద్ధం," అన్నాడు. కానీ ఆ మాటకు బలం లేదు.

"నేనూ విన్నాను," అన్నాడు గవ్రీల్. "నాకే బుర్ర లేదు. నీ గొంతు వినగానే పొయ్యి మీద కెటిలు పెట్టా. పదకొండేళ్ళుగా ఆ గొంతు వినపడిందంటే అందరూ గట్టెక్కినట్టే. వెనక పిల్లాడున్నాడని నాకూ తట్టలేదు. టీలో పాలు పోస్తుంటే రేడియోలో స్పిరిదోన్ కేకేశాడు." అతను బల్ల అంచు పట్టుకున్నాడు. "నీకు గుర్తులేదని అక్కడ నది మీదే అర్థమైంది. వాడి ఛాతీ మీద నువ్వలా నొక్కుతుంటే... ఎలా చెప్పమంటావు? స్పిరిదోన్‌ను నేనే నోరు మూసుకోమన్నా. నిజం బయటపడితే స్పీడుకి వాడికీ శిక్ష పడుతుంది, అందుకని వాడూ ఒప్పుకున్నాడు. మత్ర్యోనా దగ్గర చిన్న రేడియో ఉంది, ఆవిడా విన్నది. నీకు తప్ప అందరికీ తెలుసు."

"తీఖన్‌కి?"

"ఆయన పై మలుపులో కొలుస్తున్నాడు. వినలేదు."

అఫనాసీ బల్ల మీది కాగితం చూశాడు. గవ్రీల్ అక్షరాలు గుండ్రంగా, పొందిగ్గా ఉన్నాయి. మందం తప్పు కొలవడం వల్ల అని రాసి ఉంది. తను చేయాల్సిందల్లా ఊరుకోవడమే. ముసలాయనకు మాటిచ్చింది నిజమే. వెతికాను, ఎవడూ దొరకలేదు అంటే నమ్ముతాడు. తన మాట ఎవరైనా నమ్ముతారు. దిగు అంటే దిగేస్తారు.

బయట బూట్ల చప్పుడైంది. తెరిచి ఉన్న తలుపులోంచి ముందు డ్రిల్లు, తర్వాత తీఖన్ లోపలికి వచ్చారు. వెనక ఎండ ఇంకా తెల్లగా ఉంది. నేల మీద గాజుపెంకుల్ని గానీ, స్పిరిదోన్ నెత్తుటి గడ్డాన్ని గానీ ఆయన చూడలేదు.

"ముప్పై ఏడు కన్నాలు వేశా," అన్నాడు. "ఎక్కడా తొంభై ఐదుకి తగ్గలేదు. నా కొలబద్దే తప్పేమో. కళ్ళు తప్పేమో. ఏదో ఒకటి, నాదే తప్పు." బల్ల దగ్గరికి వచ్చి పెన్ను తీసుకున్నాడు. వేళ్ళు వంగడం లేదు, పెన్ను పిడికిట్లో పట్టుకున్నాడు. "ఎక్కడ పెట్టాలి గవ్రీల్?"

గవ్రీల్ చూపించలేదు. 

అఫనాసీ ముందుకు వచ్చి కాగితం మీద అరచెయ్యి పరిచాడు.

"నీ కొలత సరిగ్గానే ఉంది బాబాయ్. నిండు బండి నది మీదుండగా 'నది ఖాళీ' అన్నారు. ఖాళీ బండి ఎదురొచ్చింది. అల కొట్టింది."

"అన్నారా?" తీఖన్‌కు ఆ మాట ఎక్కడానికి కొంతసేపు పట్టింది. ఎక్కాక కళ్ళు చిన్నవయ్యాయి. "ఎవడన్నాడు?"

"అఫనాసీ..." అని గవ్రీల్ గొణిగాడు, ఆపమన్నట్టు.

తీఖన్ అతని వైపు తిరగలేదు. అఫనాసీ అరచేతి కిందినుంచి కాగితం లాక్కున్నాడు. తిరగేశాడు. తెల్లటి వెనకవైపు మీద పెన్ను ఆనించాడు.

"మాటిచ్చావుగా కనుక్కుంటానని. పేరు చెప్పు, రాస్తా. కేశా వాళ్ళమ్మకి చూపించాలి. ఇంటిపేరుతో సహా చెప్పు."

"బుర్నాషెవ్," అన్నాడతను. "అఫనాసీ బుర్నాషెవ్."